మగ్గం ఆపి చెప్పవలసిన మాట

"ఎర్ర పోగు" అన్న కథ నాది కాదు. ఇరవై ఏళ్ళకు పైగా అది నా పేరు మీదే ఉంది. నా మొదటి పుస్తకంలో మొదటి కథ అదే. సభల్లో నన్ను పరిచయం చేసేవాళ్ళు నా పేరుకు ముందు ఆ కథ పేరు చెబుతారు. దాన్ని రాసింది మా మేనత్త రత్నమ్మ. తెలుగు మాటలతో, కన్నడ అక్షరాలతో, తన కూతురు గీత కాపీ రాసుకునే పుస్తకంలో వెనక పేజీల నుంచి మొదలుపెట్టి రాసింది. నేను చేసిందల్లా దాన్ని తెలుగు అక్షరాల్లోకి ఎత్తి రాయడం, ఆమె పేరు ఉండవలసిన చోట నా పేరు పెట్టడం. ఈ మాట ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్ళు లేక కాదు. మొదట అడిగిన మనిషికి ఒక అబద్ధం చెప్పాను. తర్వాత అడిగినవాళ్ళందరికీ ఆ అబద్ధాన్నే కొంచెం కొంచెం నునుపు చేసి చెబుతూ వచ్చాను.

పోయిన నెల గీత ఫోన్ చేసింది. తను ఇప్పుడు బెంగళూరు హూడిలో ఉంటుంది, అక్కడే ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం. "బావా, అమ్మను నా ఇంటికి పిల్చుకోని పోతాండా. ఆనేకల్ ఇల్లు ఖాళీ చేయల్ల. ఆదివారం రా, నువ్వొస్తే అమ్మ సామాన్లు ఇడిచిపెడుతుంది. నేను చెప్తే ఒక్కటీ పారేయనీదు" అంది. పోయాను. అత్త ట్రంకు పెట్టెలో పాత పట్టు చీరల అడుగున, వార్తాపత్రికలో చుట్టి ఆ కాపీ పుస్తకం దొరికింది. నీలం అట్ట, మూలలు మెత్తబడిపోయి ఉన్నాయి. ముందువైపు తెరిస్తే ఆరేళ్ళ గీత గుండ్రటి కన్నడ అక్షరాలు, పక్కన టీచరు ఎర్ర ఇంకు టిక్కులు. వెనకవైపు తెరిస్తే అత్త. ఆ పుస్తకం చివరిసారి నా చేతిలోకి వచ్చినప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు.

అప్పట్లో మేమంతా బెంగళూరు పాత పేటలో ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. రైలు పెట్టెలా పొడుగ్గా, సన్నగా ఉండే ఇల్లు. ముందు గదిలో రెండు గుంట మగ్గాలు, ఒకదాని మీద మా నాన్న, రెండోదాని మీద అత్త భర్త, అంటే మా మామ. మగ్గాల వెనక కిటికీ కింద అత్త రాట్నం. ఆ వెనక వంటిల్లు, దాని వెనక పట్టు ఉడకబెట్టే పొయ్యి. సబ్బునీళ్ళలో ఉడికే పట్టు వాసన కొత్తవాళ్ళకు కడుపులో తిప్పుతుంది. మాకు అది ఇంటి వాసన. రాగిముద్దలోకి మా అమ్మ పులుసు పెడితే ఆ రెండు వాసనలూ కలిసి వీధి మొగలోకి వచ్చేవి, స్కూలు నుంచి వస్తూ అక్కడే ఆకలి మొదలయ్యేది. ఇక మగ్గాల చప్పుడు. తెల్లవారి కాఫీ తాగింది మొదలు దీపాలు పెట్టే వేళ దాకా నాడె ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు, మధ్యలో అచ్చు దెబ్బ. ఆ ఇంట్లో ఎవరూ మెల్లగా మాట్లాడేవాళ్ళు కాదు. ఉప్పు అడిగినా కేకే, ముద్దు చేసినా కేకే. బయటివాళ్ళు వస్తే ఇంట్లో జగడం జరుగుతోందనుకునేవాళ్ళు.

అందుకని మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. నిజంగా చెప్పవలసిన మాట ఏదైనా ఉంటే మగ్గం ఆపి చెప్పాలి. సంబంధం కుదిరిందన్నా, ఎవరో పోయారన్నా, పరీక్షలో తప్పానన్నా, చెప్పే మనిషి వచ్చి మగ్గం పక్కన నిలబడాలి. మామ నాడె వదలకుండానే తల ఎత్తి, "ఏమప్పా, మగ్గం ఆపే మాటేనా?" అనేవాడు. అవునంటే కాళ్ళు పైకి తీసుకుని, నాన్నకు సైగ చేసి, రెండు మగ్గాలూ ఆపేవాళ్ళు. ఆ నిశ్శబ్దంలో చెప్పిన మాటను వెనక్కి తీసుకోవడం కుదరదు. కాదంటే, "అట్లయితే సుమ్నె, ఊరికే చెప్పు, నేస్తానే వింటా" అనేవాడు. మగ్గం ఆడుతుండగా చెప్పిన మాటలకు పెద్ద విలువ లేదు. సగం వినపడేవి కావు, వినపడినవాటిని ఎవరూ గుర్తు పెట్టుకునేవాళ్ళు కాదు.

మాది తెలుగు మాట్లాడే ఇల్లే గానీ తెలుగు చదివే ఇల్లు కాదు. ఎన్ని తరాలుగా బెంగళూరులో ఉన్నామో మా నాన్నకే తెలియదు. అందరం కన్నడ బడిలో చదివినవాళ్ళం. అత్త ఏడో తరగతి దాకా చదివింది. ఇంటికి వచ్చే ఉత్తరాలు, గోడ మీది క్యాలెండరు, మందు సీసా మీది చీటీ, అన్నీ కన్నడమే. తెలుగు అక్షరం నేను మొదటిసారి నేర్చుకుంది డిగ్రీలో, భాషల్లో ఒకటిగా తెలుగు తీసుకున్నప్పుడు. క్లాసులో మేము తొమ్మిది మంది. మాష్టారు కోస్తా నుంచి వచ్చినవారు, మంచివారే, కానీ మేము నోరు తెరిస్తే నవ్వేవారు. "పుస్తకం ఎక్కడయ్యా?" అంటే నేను "ఇంట్లో ఉండాది సార్" అన్నాను ఒకరోజు. క్లాసంతా నవ్వింది, అందులో సగం మంది ఇళ్ళలో కూడా అది ఉండాదే. ఆ రోజు నుంచి నాకు రెండు తెలుగులు ఏర్పడ్డాయి. ఒకటి కాలేజీది, మడిచి ఇస్త్రీ చేసింది. ఒకటి మగ్గాల మధ్యది. రెండోదాన్ని చూసి నేను సిగ్గుపడటం మొదలుపెట్టాను.

మాష్టారు ఛందస్సు చెప్పడం మొదలుపెట్టాక నాకు పిచ్చి పట్టింది. గురువులు, లఘువులు, గణాలు, యతి, ప్రాస. బస్సులో టికెట్ వెనక గీతలు, సున్నాలు పెట్టుకుంటూ పోయేవాణ్ణి. కందంతో మొదలుపెట్టి రెండో పాదంలోనే దెబ్బతిన్నాను. సీసం పొడుగు చూసి వదిలేశాను. తేటగీతి కాస్త దయ చూపింది. చివరికి ఆటవెలది దగ్గర కూర్చున్నాను. మూడు చిన్న గణాలు, రెండు పెద్దవి. తర్వాతి పాదంలో అయిదూ చిన్నవే. లెక్క ప్రకారం అన్నీ సరిపోయేవి గానీ చదివితే మూట కట్టిన సామాన్లలా ఎత్తుపల్లాలుగా ఉండేది. ఒకరోజు కిటికీ కింద కూర్చుని గట్టిగా చదువుకుంటుంటే, రాట్నం తిప్పుతున్న అత్త నన్ను చూసి కేక వేసింది.

"ఏమప్పా శీనా, ఏందది, ఎవుర్నో తిడతాండావా?"

"పద్యం అత్తా."

"పద్యమా! నేను ఎల్‌ఐసీ ఏజెంటు వచ్చినాడేమో అనుకుంటి. మళ్ళీ చదువు."

చదివాను. ఆమె రాట్నం ఆపకుండా తల ఊపుతూ విని, "మూడు అడుగులేసి నిలబడల్ల కదా, నువ్వు నిలబడకుండా గోడకు కొట్టుకుంటాండావు" అంది. యతి అన్న మాట ఆమె విననే లేదు. గణం అంటే ఏమిటో తెలియదు. కానీ రోజంతా మగ్గం చప్పుడు విన్న చెవి. ఎక్కడ నాడె పోతోందో, ఎక్కడ అచ్చు పడుతోందో చూడకుండా చెప్పగలదు. ఒక్క పోగు తెగితే వెనక్కి తిరగకుండానే, "ఏమండీ, మీదే తెగింది, మా అన్నది కాదు" అని మామతో అనేది. ఆ తర్వాత రోజూ సాయంత్రం నేను చదవడం, ఆమె "కుంటుతాండాది" అనో "పరవాల్యా" అనో అనడం. పది రోజులు కుంటించి, చివరికి ఒక పాదం నిలబెట్టాను:

కండె చుట్టు చేయి కదలుచుండు నెపుడు

చెయ్యి ఆమెదే, పట్టు చుట్టే కండె ఆమెదే. చాలా సంతోషపడుతుందనుకున్నాను. విని, "ఇప్పుడు నిలబడాల్సిన చోట నిలబడింది" అంది. రాట్నం తిప్పుతూనే, "అయినా శీనా, కదలుచుండు అని మన ఇంట్లో ఎవురంటారప్పా? నా చెయ్యి ఎవురో అద్దెకు తీసుకున్నట్ల ఉండాది" అంది. మగ్గం మీద మామ పగలబడి నవ్వాడు. నాకు కోపం వచ్చింది. ఆ కోపంలోనే పద్యాలు మానేసి వచన కవితలకు పోయాను, అక్కడ నుంచి మూడు మూడు పాదాల చిన్న కవితలకు, అక్కడ నుంచి కథలకు. ఏ రూపం పట్టుకున్నా మూడు వారాలు. ఒక నోటుపుస్తకం నిండా మొదలుపెట్టిన కథలే, ఒక్కటీ రెండో పేజీ దాటలేదు. ఎలా చెప్పాలో అన్ని విధాలా నేర్చుకున్నాను, చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

అప్పుడే మాష్టారు క్లాసులో ఒక ప్రకటన చదివారు. ఊళ్ళోని ఒక తెలుగు సంఘం ఉగాది సంచికకు కథలు కోరుతోంది, ఎవరైనా పంపవచ్చు, మంచి కథకు సభలో శాలువా కప్పుతారు. ఇంటికి వచ్చి నేస్తున్న మగ్గాల మధ్యనే ఆ సంగతి కేక వేసి చెప్పాను. మరుసటి రోజు మధ్యాహ్నం, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, అత్త ఆ నీలం అట్ట పుస్తకం తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. ముఖం మాత్రం కిటికీ వైపు తిప్పుకుంది.

"నవ్వద్దు. పట్టు చుట్టేటప్పుడు తోస్తాంటాది, రాసి పెడతాంటా. ఇవి నాలుగుండాయి. మూడోది చూడు. నీకు బాగుండాదనిపిస్తే తెలుగు అచ్చరాల్లో రాసి వాళ్ళకు పంపప్పా. వాళ్ళు ఏమంటారో చూద్దాము. కింద నా పేరు రాయి. ఊరికే రత్నమ్మ అని రాస్తే సాలు."

మూడో కథ ఇది. ఒకామె పట్టు చుట్టే మనిషి. ఒక చీరకు ఎర్ర పట్టు చాలక, కొంగులో నాలుగు వేళ్ళ మేర వేరే ఎరుపు కలపవలసి వస్తుంది. తనకు తప్ప ఎవరికీ కనిపించని తేడా. చాలా రోజులకు బస్టాండులో ఎవరో ఆ చీర కట్టుకుని నిలబడి ఉంటే గుర్తుపడుతుంది. తను ఎక్కవలసింది కాకపోయినా ఆమె ఎక్కిన బస్సే ఎక్కి పక్కన కూర్చుంటుంది. కొంగు తన మోకాలి మీద పడుతుంది. ఈ పట్టు నేను చుట్టింది, ఇదిగో ఇక్కడ రెండు ఎరుపులు కలుస్తాయి, అని చెప్పాలనుకుంటుంది. నోటి దాకా వస్తుంది. చెప్పదు. దిగవలసిన చోటుకు రెండు స్టాపుల అవతల దిగి నడుచుకుంటూ వస్తుంది. అంతే కథ. నాలుగు పేజీలు. నేను నోటుపుస్తకం నిండా వెతికింది ఆ కాపీ పుస్తకం వెనక ఉంది.

ఎత్తి రాయడం మొదలుపెట్టినప్పుడు నా మనసులో చెడ్డ ఉద్దేశం లేదు. ఇది నిజమే చెబుతున్నాను, చెప్పినంత మాత్రాన తప్పేమీ తగ్గదు. రాస్తూ రాస్తూ ఉండాదిని ఉంది చేశాను. తర్వాత ఒక వాక్యం అటూ ఇటూ తిప్పాను. తర్వాత చివర మార్చాను. నా కథలో ఆ మనిషి చెప్పేస్తుంది, చీర కట్టుకున్నామె కన్నీళ్ళు పెట్టుకుని ఆమె చేతులు పట్టుకుంటుంది. ఇంత పని చేశాక ఇందులో సగం నాదే కదా అనిపించింది. పేరు రాయవలసిన చోటు వచ్చేసరికి సగం కాస్తా మొత్తమైంది. మాష్టారికి చూపించాను. ఆయన రెండుసార్లు చదివి, కళ్ళద్దాలు తీసి, "ఒక ఆడమనిషి మనసు ఇంతగా ఎలా పట్టుకున్నావయ్యా?" అన్నారు. "ఊహించాను సార్" అన్నాను. ఆ మొదటి అబద్ధం ఇస్త్రీ చేసిన తెలుగులోనే చెప్పాను.

పదిహేను రోజులకు అత్త అడిగింది. రెండు మగ్గాలూ ఆడుతున్నాయి. "శీనా, వాళ్ళేమన్నా చెప్పినారా?" నేను, "తిప్పి పంపినారత్తా" అన్నాను.

"ఎందుకంట?"

అంతటితో ఊరుకుంటే సరిపోయేది. "భాష బాగలేదంట. మన మాటలు పుస్తకాలకు పనికి రావంట" అన్నాను. ఆమె రాట్నం ఒక చుట్టు ఆగి, మళ్ళీ తిరిగింది. "హౌదా" అంది. అవునా అన్నట్టు, కన్నడంలోనే అంది. పుస్తకం తీసుకుని ట్రంకు పెట్టెలో పెట్టేసింది. ఆ తర్వాత ఆమె రాయడం నేను చూడలేదు.

ఉగాది సంచిక వచ్చింది. శాలువా కూడా వచ్చింది. అంగట్లో ఎవరో నా పేరు చూపించి ఇచ్చిన సంచిక పట్టుకుని మామే బజారు నుంచి వచ్చాడు. "మనవాడి పేరు అచ్చులో పడింది చూడండి!" అని వీధి మొగ నుంచే కేక. లోపలికి వచ్చీ రాగానే నాన్నకు సైగ చేశాడు. రెండు మగ్గాలూ ఆగాయి. మా అమ్మ గరిటెతోనే వచ్చి నిలబడింది. అత్త రాట్నం పక్కకు జరిపి, కొంగుతో చేతులు తుడుచుకుని, "చదువప్పా, విందాము" అంది. ఆ నిశ్శబ్దం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. చేతిలో పేజీ. పేజీలో ఆమె కథ. ఆ ఇంట్లో తెలుగు అక్షరం చదవగలిగింది నేనొక్కణ్ణే అన్న ధైర్యం. నేను పేజీ మీద చూపు పెట్టి, అక్కడ లేని కథ చదవడం మొదలుపెట్టాను.

ఎదురుగా మామ ఉన్నాడు. మగ్గం గిట్టుబాటు కాక, వచ్చే నెల నుంచి జిగణిలో ఒక ఫ్యాక్టరీకి పోబోతున్నాడు. నాకు దొరికింది అదే. మగ్గం అమ్మేసిన ఒక నేతగాడు రోజూ ఫ్యాక్టరీ బస్సులో జిగణికి పోతుంటాడు. కూర్చున్న చోట అతని కాళ్ళు వాటంతట అవే బస్సు నేలను తొక్కుతుంటాయి, ఎడమ, కుడి, ఎడమ, కుడి. ఎవరైనా చూస్తారేమోనని సిగ్గు. చేతిసంచీ కాళ్ళ మీద అడ్డం పెట్టుకుంటాడు. ఒకరోజు పక్కన కొత్త మనిషి కూర్చుంటాడు. కాసేపటికి చూస్తే అతని కాళ్ళూ తొక్కుతున్నాయి. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. జిగణి వచ్చి దిగబోతూ ఆ కొత్త మనిషి, "రేపు నాడె నువ్వు పట్టుకో" అని దిగిపోతాడు. వాక్యం తర్వాత వాక్యం ఎక్కడ నుంచి వచ్చాయో నాకు తెలియదు. పట్టుబడతానన్న భయం తరుముతుంటే వచ్చాయి. బస్సు మాత్రం అత్త కథలోంచే వచ్చింది. భాష కూడా మా ఇంటి భాషే, దాన్ని ఇస్త్రీ చేసే వ్యవధి లేదు. ముగించేసరికి మామ తువ్వాలుతో ముఖం తుడుచుకుంటున్నాడు. నాన్న మగ్గం గుంటలోకి చూస్తూ కూర్చున్నాడు. అత్త ఒక్కతే నన్ను చూస్తోంది.

"బాగుండాదప్పా. ఆ బుక్కు ఇట్లియ్యి, దేవుని దగ్గర పెడతా" అని సంచిక తీసుకుంది. వారం రోజులకు తిరిగి ఇచ్చింది.

తర్వాతి సంగతులు చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. మామ జిగణికి పోవడం మొదలుపెట్టాడు. అంత దూరం రోజూ తిరగలేక కుటుంబాన్ని ఆనేకల్‌కు మార్చాడు. అక్కడ రెండు మరమగ్గాలు పెట్టి, పగలంతా వాటి దగ్గర అత్తే నిలబడేది. గుంట మగ్గం చప్పుడులో ఒక లయ ఉంటుంది, మధ్యలో మనిషి మాట దూరడానికి సందు ఉంటుంది. మరమగ్గం సందు ఇవ్వదు. పదేళ్ళకు ఆమెకు చెవులు సగం పోయాయి. నేను ఉద్యోగంలో చేరాను, కథలు రాశాను, అచ్చయ్యాయి. చక్కగా కట్టిన కథలు. ఎక్కడ మొదలవ్వాలో అక్కడ మొదలై, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతాయి. నా పుస్తకం వచ్చినప్పుడు "మా అత్తకు" అని అంకితం ఇచ్చాను. అలా చేస్తే చెల్లిపోతుందనుకున్న పిరికితనం అది. సభకు ఆమె వచ్చింది, వెనక వరసలో కూర్చుంది. వేదిక మీద ఎవరో ఎర్ర పోగు కథను పొగుడుతుంటే చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని వింది. ఎంత వినపడిందో తెలియదు. పోయేటప్పుడు, "శానా మందే వచ్చినారప్పా, సంతోసం" అంది.

ఇప్పుడు ఆనేకల్ ఇంట్లో, ఆ ఆదివారం. మామ పోయి కొన్నేళ్ళయింది. మరమగ్గాలు అద్దెకు తీసుకున్న మనిషి పక్క గదిలో నడుపుతున్నాడు. గోడలు అదురుతున్నాయి. గీత గిన్నెలు అట్టపెట్టెల్లో సర్దుతోంది. అత్త మంచం మీద కూర్చుని, ఏది పారేయాలో ఏది ఉంచాలో చేత్తో చూపిస్తోంది. నేను కాపీ పుస్తకం వెనక నుంచి తెరిచాను. ఒకటో కథ, రెండు, మూడు, నాలుగు. నాలుగు తర్వాత అయిదోది ఉంది. ఇంకు రంగు వేరు. కన్నడ అక్షరాలు కూడబలుక్కుంటూ మొదటి వాక్యం చదివాను. మగ్గం అమ్మేసిన ఒక నేతగాడు రోజూ బస్సులో జిగణికి పోతుంటాడు. నేను ఎక్కడా రాయని కథ. రాద్దామని తర్వాత ఎన్నోసార్లు కూర్చుని, వాక్యాలు గుర్తు రాక వదిలేసిన కథ. మొదటి నుంచి చివరి దాకా, నేను ఆ రోజు నోటితో అన్నట్టే ఉంది. కింద ఒక గీత గీసి రాసింది: చెప్పింది మా శీనుడు. దాని తర్వాత అన్నీ తెల్ల కాగితాలే.

"ఇది ఎప్పుడు రాసినావత్తా?" అని ఆమె చెవి దగ్గర అరిచాను.

"నువ్వు చదివిన వారమే. అది బుక్కులో ల్యా కదా. పోతాదని రాసి పెడితి."

"బుక్కులో లేదని నీకెట్ల తెలుసు?"

అత్త నవ్వింది. పళ్ళు రెండే ఉన్నాయి. "ఏమప్పా శీనా, అంత సదువుకున్నావు! తెలుగు అచ్చరాలేమన్నా దేవలోకానియ్యా? మన కన్నడం అచ్చరాలకు తలకాయ కొంచెం ఏరేగా దువ్వినట్ల ఉంటాయి, అంతే కదా. నీ పేరు నాకు తెలుసు. ఆ పేరులో అచ్చరాలు పట్టుకోని తక్కినవి పట్టుకుంటి. రెండు దినాలు పట్టింది."

ఇరవై ఏళ్ళుగా ఆ అక్షరాలను ఒక గోడ అనుకున్నాను, దాని వెనక దాక్కున్నాను. రోజూ రెండూ చూసే నాకే ఆ గోడ ఎంత పలచనిదో తోచలేదు.

"మరి అడగలేదే?"

"ఏమని అడిగేదప్పా? నువ్వే చెప్తావనుకుంటి. ఇయ్యాల చెప్తాడు, రేపు చెప్తాడని. సభకు కూడా దానికే వస్తి." పుస్తకం నా చేతుల్లోంచి తీసుకుని అట్ట మీద దుమ్ము తుడిచింది. "పేరు సంగతి ఇడ్సు. ఆ కతను కడాకు ఎందుకట్ల మారిస్తివి? ఆయమ్మ చెప్పదప్పా. పక్కనే కూసోని ఉంటాది, చెప్పదు. అదే కదా కత."

గీత చేతిలో గిన్నెతో ఆగి మా ఇద్దరినీ చూస్తోంది. "ఏం కత అమ్మా? బావా, ఏమయింది?"

"ఏమీ లేదులేమ్మా" అంది అత్త. నన్ను చూడకుండా అంది, "భాష బాగల్యా అన్నారని చెప్పినావు చూడు. అది ఎవురూ అనలేదని తెలుసు. అయినా రాయల్ల అని కూసుంటే, అదే మాట చెవుల్లో పడతాండె. బేజారయి ఇడిచిపెడితి."

నేను మంచం అంచున కూర్చుని, తల వంచుకుని, "తప్పు చేశాను అత్తా, క్షమించు" అన్నాను. మగ్గం చప్పుడులో నా మాట నాకే వినపడలేదు. అత్త చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, "ఏమంటాండావు? వినపడల్యా" అంది. మళ్ళీ అన్నాను. తల అడ్డంగా ఊపింది. అప్పుడు తోచింది, ఇది కూడా ఇస్త్రీ చేసిన మాటే, పైగా మగ్గం ఆడుతుండగా చెబుతున్నాను.

లేచి పక్క గదిలోకి పోయాను. మగ్గం నడుపుతున్న మనిషి తల ఎత్తి చూశాడు. "అన్నా, ఒక అయిదు నిమిషాలు ఆపుతావా?" అన్నాను. ఏమిటన్నట్టు చూశాడు. "మగ్గం ఆపే మాట" అన్నాను. అతనూ నేత ఇంట్లో పుట్టినవాడే. మారుమాట్లాడకుండా ఒకటి తర్వాత ఒకటి రెండు స్విచ్చులూ కట్టేశాడు. ఇల్లంతా ఒక్కసారి ఖాళీ అయినట్టయింది. వీధిలో ఎవరో సైకిల్ బెల్లు కొట్టడం వినిపించింది. నేను తిరిగి వచ్చేసరికి అత్త మంచం మీద సర్దుకుని కూర్చుంది, కొంగుతో చేతులు తుడుచుకుంటోంది. గీత గిన్నె కింద పెట్టేసింది. మగ్గం మనిషి వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు. నేను ఆమె ఎదుట నిలబడి, అందరికీ వినపడేట్టు, పేటలో మా ఇంట్లో మాట్లాడినంత గట్టిగా చెప్పాను.

"అత్తా, ఎర్ర పోగు నీది. వాళ్ళు తిప్పి పంపల్యా, నీ పేరు ఎవురూ చూడనే ల్యా, నేనే కొట్టేసి నా పేరు రాసుకుంటి. మన మాటలు బాగల్యా అని ఎవురూ అనల్యా, అది కూడా నేనే అంటి. తప్పయిపోయిందత్తా."